పుట్టిన తేదీకి సాక్ష్యం ఏది, పౌరసత్వానికి రుజువు ఏది

దివిసీమలో యాభై దాటినవారిని పుట్టిన ఏడాది అడిగితే, ఉప్పెనకు ముందా తరువాతా అన్న లెక్కతోనే జవాబు మొదలవుతుంది. 1977 నవంబరు 19 నాటి ఆ ఉప్పెన వారికి క్యాలెండరు కన్నా గట్టి గుర్తు. గోదావరి ఒడ్డున 1967, 1979, 1991 అంటూ పన్నెండేళ్లకొకసారి వచ్చే పుష్కరాలను బట్టి పిల్లల వయసు లెక్కగట్టడం ఉంది. తెలంగాణ పల్లెల్లో పాతతరం వాళ్లు రజాకార్ల కాలాన్ని, 1948 నాటి పోలీసు చర్యను ఆనవాలుగా చెప్పుకునేవారు. ఈ లెక్కలు అబద్ధాలు కావు, ఏడాది అటూ ఇటూగా నిజమే చెబుతాయి. అయితే దరఖాస్తు ఫారంలో రోజు, నెల, సంవత్సరం అని మూడు గళ్లు ఉంటాయి, ‘ఉప్పెన వచ్చిన ఏడు’ అన్న మాట వాటిలో ఇమడదు. ఎదురుగా కూర్చున్న గుమాస్తా గానీ, బడిలో పేరు రాసుకునే ప్రధానోపాధ్యాయుడు గానీ ఏదో ఒక తేదీ వేయక తప్పదు. బడి రికార్డుల్లో జూన్ నెలలో పుట్టినవాళ్లు, ఆధార్ కార్డుల్లో జనవరి 1న పుట్టినవాళ్లు అంతమంది కనిపించడానికి కారణం ఇదే.

కాగితం మీద పడ్డ ఆ తేదీకి తరువాత ఎంత విలువ ఇవ్వాలి? వయసుకు ఏ పత్రం రుజువు, పౌరసత్వానికి ఏ పత్రం రుజువు అన్న ప్రశ్న ఇటీవలి కాలంలో ఓటర్ల జాబితాల సవరణ వల్ల ఇంటింటికీ వచ్చింది. చర్చ మాత్రం ‘ఆధార్ చెల్లుతుందా, చెల్లదా’ అన్న ఒక్క దగ్గరే తిరుగుతోంది. ప్రతి పత్రమూ ఒక సాక్షి లాంటిదని గుర్తుంచుకుంటే చర్చ మరికొంత ముందుకు సాగుతుంది. సాక్షిని అడిగే ప్రశ్నలనే పత్రాన్నీ అడగాలి. ఇది ఎవరు రాశారు, ఎప్పుడు రాశారు, ఎవరు చెబితే రాశారు, రాసిననాడు ఆ రాత వల్ల ఎవరికైనా లాభం ఉందా అన్నవి ఆ ప్రశ్నలు. పత్రం మీద ఎవరి ముద్ర ఉందన్న సంగతి వీటన్నిటి తరువాతే వస్తుంది.

2024 అక్టోబరులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన ఒక రోడ్డు ప్రమాద పరిహారం కేసు దీనికి మంచి ఉదాహరణ. చనిపోయిన వ్యక్తి వయసు బడి వదిలిన సర్టిఫికెట్ ప్రకారం 45, ఆధార్ ప్రకారం 47. రెండేళ్ల తేడాయే అయినా, పరిహారాన్ని లెక్కించే గుణకం ఆ తేడాతో 14 నుంచి 13కు పడిపోతుంది, కుటుంబానికి అందే మొత్తం ఆ మేరకు తగ్గిపోతుంది. ఆధార్‌ను గుర్తింపు కోసం వాడవచ్చు గానీ పుట్టిన తేదీకి రుజువుగా తీసుకోరాదని చెప్పి, కోర్టు బడి సర్టిఫికెట్‌నే నమ్మింది. నిజానికి ఆధార్ సంస్థ కూడా ఈ మాట అంతకుముందే చెప్పింది. దానిని ఆధారం చేసుకుని భవిష్య నిధి సంస్థ 2024 జనవరిలో పుట్టిన తేదీ రుజువుల జాబితా నుంచి ఆధార్‌ను తొలగించింది. ఆధార్ నమోదులో పుట్టిన తేదీ మూడు రకాలుగా ఎక్కుతుంది. పత్రం చూసి ఎక్కించినది ఒకటి, మనిషి నోటిమాటగా చెప్పినది ఒకటి, సుమారుగా వేసినది ఒకటి. వేలిముద్ర, కంటిపాప ఆ మనిషివే అని ఆధార్ గట్టిగా చెప్పగలదు. ఆ మనిషి ఎప్పుడు పుట్టాడన్నది మాత్రం దానికి చెప్పుడు మాటే. అయినా కొత్త ఓటరు నింపే 6వ నంబరు ఫారంలో వయసు రుజువుల వరుసలో ఆధార్ కూడా ఉంది. ఒక కార్యాలయం చెల్లదన్న పత్రాన్ని ఇంకో కార్యాలయం అదే పనికి స్వీకరిస్తుంటే, రెండింటి మధ్య తిరిగే సామాన్యుడు తానే ఏదో తప్పు చేశానేమో అనుకుంటాడు.

మరి బడి సర్టిఫికెట్ మాత్రం చెప్పుడు మాట కాదా అన్న అనుమానం రావడం సహజం. తెలుగు రాష్ట్రాల్లో పుట్టిన తేదీ అంటే పదో తరగతి మెమో మీద అచ్చయిన తేదీయే. ఉద్యోగానికీ, పాస్‌పోర్టుకూ, పెళ్లి రిజిస్ట్రేషన్‌కూ ముందుగా అడిగేది దానినే. ఆ మెమోలోని తేదీ పరీక్షకు ముందు బడి పంపిన జాబితా నుంచి వచ్చింది. ఆ జాబితా ప్రవేశ రిజిస్టరు నుంచి వచ్చింది. ప్రవేశ రిజిస్టరులోకి ఆ తేదీ బిడ్డను చేయిపట్టుకుని తెచ్చిన తండ్రి గానీ, మేనమామ గానీ చెప్పిన మాట మీద ఎక్కింది. కొన్నిసార్లు ఆ మాట కూడా లేదు, అయిదేళ్లు నిండినట్టు కనిపించాలి కాబట్టి ఉపాధ్యాయుడే ఒక తేదీ వేశాడు. సుప్రీంకోర్టు 1988లోనే బిరద్‌మల్ సింఘ్వీ కేసులో ఈ సంగతి స్పష్టం చేసింది. బడి రిజిస్టరు సాక్ష్యంగా పనికివస్తుంది గానీ, ఆ తేదీని ఎవరు, ఏ ఆధారంతో చెప్పారో తెలియనప్పుడు దాని బరువు స్వల్పమేనని ఆ తీర్పు సారాంశం.

ఇంత బలహీనమైన గొలుసు చివర వేలాడుతున్న మెమోను అయినా ఎందుకు నమ్ముతారంటే, అది గొడవ పుట్టకముందే పుట్టిన కాగితం. ఆరేళ్ల పిల్లను బడిలో వేసేనాటికి ఆమె ముప్పై ఏళ్ల తరువాత ఎదుర్కొనే కేసు గురించి ఎవరూ ఆలోచించరు. లాభనష్టాల ఊసు లేని రోజున రాసిన తేదీకి, అవసరం పడ్డాక రాయించుకున్న తేదీకి ఉండని విశ్వసనీయత ఉంటుంది. జాతకచక్రం విషయంలోనూ పరీక్ష ఇదే. పుట్టిన వేళకు పంచాంగం చూసి రాసినదని ఇంట్లోవాళ్లు ఎంత నమ్మినా, దాన్ని రాసిన మనిషి వచ్చి చెప్పనిదే అది చాలా బలహీనమైన సాక్ష్యమని సుప్రీంకోర్టు 2005లో పంజాబ్‌కు చెందిన ఒక కేసులో చెప్పింది.

వయసు విషయంలో లాభనష్టాలు ఒకే దిక్కుకు లాగవు. ప్రభుత్వోద్యోగి వయసు తగ్గితే లాభం. తెలంగాణలో పదవీ విరమణ వయసు 2021లో 61కి, ఆంధ్రప్రదేశ్‌లో 2022లో 62కి పెరిగింది కాబట్టి, కాగితం మీద ఒక ఏడాది తగ్గితే ఒక ఏడాది జీతం. ఇది తెలిసే ఉమ్మడి రాష్ట్రంలో 1984లోనే పుట్టిన తేదీ నమోదు, మార్పులపై ప్రత్యేక నియమాలు చేసి, సర్వీసు రిజిస్టరులో ఒకసారి ఎక్కిన తేదీని మార్చుకునే దారి దాదాపు మూసేశారు. కూలి చేసుకునే వృద్ధురాలికి వయసు పెరిగితే లాభం. ఆంధ్రప్రదేశ్‌లో వృద్ధాప్య పింఛను వయసు 2019లో 65 నుంచి 60కి తగ్గింది, ఆధార్‌లో 58 అని పడితే ఇంకో రెండేళ్లు ఆగాలి. ఇంటిపని కోసం గల్ఫ్ వెళ్లే చదువురాని మహిళకు ముప్పై ఏళ్లు నిండితేనే వలస అనుమతి దొరుకుతుంది, ఆ నిబంధన ఆమె రక్షణ కోసమే పెట్టినా, కాగితంలో వయసు పెంచమనే ఒత్తిడి కూడా దానితోనే వస్తుంది. ఇలా ఒకే కుటుంబంలో, ఒక్కోసారి ఒకే మనిషికి, మూడు పత్రాల్లో మూడు వయసులు ఉంటాయి. వాటిలో మోసం కొన్నిటిలోనే ఉంటుంది. మిగిలినవి ఎవరో వేసిన తేదీలు, వాటిని సరిచేయించుకునే దారి తెలియని మనుషులు.

నేర విచారణలో ఈ ప్రశ్న అన్నిటికన్నా తీవ్రంగా ఎదురవుతుంది, ఎందుకంటే అక్కడ పద్దెనిమిది ఏళ్ల గీతకు ఇవతల బాలల న్యాయమండలి, అవతల జైలు ఉంటాయి. 2015 నాటి బాలల న్యాయ చట్టం 94వ సెక్షన్‌లో ఒక వరుస పెట్టింది. మొదట బడి ఇచ్చిన పుట్టిన తేదీ సర్టిఫికెట్ లేదా బోర్డు ఇచ్చిన పదో తరగతి సర్టిఫికెట్ చూడాలి. అవి లేకపోతే కార్పొరేషన్, మున్సిపాలిటీ లేదా పంచాయతీ ఇచ్చిన జనన ధ్రువీకరణ పత్రం. అదీ లేనప్పుడే ఎముకల పరీక్ష వంటి వైద్య పరీక్ష. ఎక్స్‌రే తీసి చెప్పే వయసు రెండేళ్లు అటూ ఇటూ మారవచ్చని సుప్రీంకోర్టు 1982లోనే జయమాల కేసులో అంది కనుక, పదిహేడా పంతొమ్మిదా అన్న చోట ఆ పరీక్ష చివరి దిక్కు కావడం సబబే. లైంగిక దాడికి గురైన బాలిక వయసు తేల్చడానికీ ఇదే వరుస పాటించాలని కోర్టులు చెబుతూ వచ్చాయి. పిల్లలు ఒక బడి మానేసి మరో బడికి వెళ్లేటప్పుడు ఇచ్చే టీసీ ఈ వరుసలో లేదని 2023లో యువప్రకాష్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. టీసీ తప్ప మరే కాగితమూ లేని పేదింటి పిల్లల విషయంలో ఈ సూక్ష్మ భేదం కేసునే తలకిందులు చేయగలదు.

ఈ చట్టంలో బడి సర్టిఫికెట్ ముందు, జనన ధ్రువీకరణ పత్రం తరువాత రావడం గమనించదగ్గ విషయం. పుట్టుకను నమోదు చేసే రిజిస్టరు కన్నా, ఆరేళ్ల తరువాతి బడి రిజిస్టరుకు పెద్దపీట వేయడం మొదటి చూపుకు వింతగా తోస్తుంది. జననాలు పెద్దగా నమోదు కాని రోజుల నుంచి వచ్చిన అలవాటు ఇది. జనన మరణాల నమోదు చట్టం 1969లో వచ్చి 1970 నుంచి దేశంలో చాలాచోట్ల అమలైనా, జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల ప్రకారం 2005-06 నాటికి అయిదేళ్లలోపు పిల్లల్లో జననం నమోదైనవారు వందకు 41 మందే. 2015-16 నాటికి అది 80కి, 2019-21 నాటికి 89కి చేరింది. ఆసుపత్రి కాన్పులు పెరిగాక వచ్చిన మార్పు ఇది. కాబట్టి ఇప్పటి పసిబిడ్డల విషయంలో జనన రిజిస్టరే మొదటి సాక్షి కావాలి. 1990లో ఇంట్లో పుట్టిన మనిషిని అదే కొలతతో కొలిస్తే అన్యాయం జరుగుతుంది.

జనన ధ్రువీకరణ పత్రాల్లోనూ అన్నీ ఒకటి కావు. పుట్టిన 21 రోజుల్లో ఆసుపత్రి సమాచారం మీద ఎక్కిన నమోదు వేరు, ఏడాది దాటాక అధికారి ఉత్తర్వుతో ఎక్కిన ఆలస్యపు నమోదు వేరు. 2023 సవరణకు ముందు ఏడాది దాటిన నమోదుకు ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాల్సి వచ్చేది, ఇప్పుడు ఆ అధికారం జిల్లా మేజిస్ట్రేటుకు, సబ్ డివిజనల్ మేజిస్ట్రేటుకు లేదా జిల్లా మేజిస్ట్రేటు అధికారమిచ్చిన ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటుకు ఉంది. నలభై ఏళ్ల మనిషి పదో తరగతి మెమో చూపించి ఆర్డీవో ద్వారా పొందిన జనన పత్రానికి, ఆ మెమో కన్నా ఎక్కువ బరువు ఎక్కడి నుంచి వస్తుంది? చెప్పినది అదే తేదీ, మారినది కాగితం పేరొక్కటే. పత్రం మీద పుట్టిన తేదీతో పాటు నమోదు తేదీ కూడా అచ్చవుతుంది గనుక, పరిశీలించే అధికారి ఆ రెండో తేదీని చూడటం నేర్చుకుంటే చాలా చిక్కులు తీరుతాయి. అమెరికాలో గ్రీన్‌కార్డుకు దరఖాస్తు చేసే తెలుగువారికి ఈ సంగతి అనుభవమే. జననం నమోదు కాకపోతే మున్సిపాలిటీ నుంచి గానీ పంచాయతీ నుంచి గానీ ‘రికార్డు లేదు’ అన్న పత్రం తెచ్చి, దానికి తల్లిదండ్రుల లేదా పుట్టుక తెలిసిన పెద్దల ప్రమాణపత్రాలు, బడి సర్టిఫికెట్ జోడిస్తే అక్కడి అధికారులు పరిశీలిస్తారు. లేని రికార్డును కొత్తగా పుట్టించమనడం కన్నా, లేదని ఒప్పుకుని ఇతర సాక్ష్యం చూపమనడం నిజాయితీగల పద్ధతి.

వయసు విషయం ఇంతటితో ఒక కొలిక్కి వస్తుంది, ఎందుకంటే పుట్టుక అనేది ఒకరోజు, ఒకచోట జరిగిన సంఘటన. పౌరసత్వం అలాంటిది కాదు. అది చట్టం తేల్చే హోదా, దాన్ని తేల్చడానికి కావలసిన సంగతులు మనిషి పుట్టిన సంవత్సరాన్ని బట్టి మారుతాయి. 1955 నాటి పౌరసత్వ చట్టం మూడో సెక్షన్ ప్రకారం 1950 జనవరి 26 నుంచి 1987 జులై 1కి ముందు వరకు భారతదేశంలో పుట్టిన వ్యక్తి, తల్లిదండ్రులు ఎవరైనా, కొద్ది మినహాయింపులతో పౌరుడే. అప్పటి నుంచి 2004 డిసెంబరు 3కి ముందు వరకు పుట్టినవారికి తల్లిదండ్రుల్లో ఒకరు పౌరులై ఉండాలి. ఆ తరువాత పుట్టినవారికి తల్లీతండ్రీ ఇద్దరూ పౌరులు కావాలి, లేదా ఒకరు పౌరులై రెండోవారు అక్రమ వలసదారు కాకుండా ఉండాలి. విదేశాల్లో భారతీయులకు పుట్టే పిల్లలకు నాలుగో సెక్షన్ వర్తిస్తుంది. 2004 తరువాత డల్లాస్‌లోనో దుబాయ్‌లోనో పుట్టిన తెలుగు బిడ్డకు వంశపారంపర్యంగా భారత పౌరసత్వం రావాలంటే ఏడాదిలోగా అక్కడి భారత కాన్సులేట్‌లో జననం నమోదు చేయించాలి, గడువు దాటితే కేంద్ర ప్రభుత్వ అనుమతి కావాలి.

పుట్టిన ఏడాదిని బట్టి మారే ఆ మూడు నియమాలను ఒక సాధారణ కుటుంబం మీద పెట్టి చూస్తే చిక్కు ఎక్కడుందో తెలుస్తుంది. 1975లో పుట్టిన తల్లి తాను ఈ నేల మీద పుట్టానని చూపితే చాలు. 1995లో పుట్టిన ఆమె కూతురు తాను ఇక్కడ పుట్టానని చూపడంతో పాటు తల్లి గానీ తండ్రి గానీ పౌరులని చూపాలి. 2018లో పుట్టిన మనవరాలు అమ్మానాన్నలిద్దరి సంగతీ చూపాలి, వారు తమ అమ్మానాన్నల సంగతి చూపాలి. మనవరాలికి చక్కటి జనన ధ్రువీకరణ పత్రం ఉంటుంది. అందులో తల్లి పేరు, తండ్రి పేరు, వారి చిరునామా ఉంటాయి గానీ వారు ఏ దేశ పౌరులన్న గడి ఉండదు. చట్టం అడిగే ప్రశ్నకు చట్టమే ఇచ్చే పత్రంలో జవాబు లేదన్నమాట. మూడో తరం భారం చివరకు ఏ కాగితమూ లేని మొదటి తరం అమ్మమ్మ మీదే పడుతుంది.

అయితే పౌరసత్వాన్ని చెప్పే పత్రం ఏదీ లేదా? ఆధార్ చట్టం తొమ్మిదో సెక్షన్‌లో ఆధార్ పౌరసత్వానికి గానీ స్థిర నివాసానికి గానీ రుజువు కాదని స్పష్టంగా ఉంది, ఎందుకంటే అది దేశంలో నివసించే విదేశీయులకూ ఇస్తారు. ఆధార్, పాన్, ఓటరు కార్డు ఉన్నంత మాత్రాన పౌరులైపోరని 2025 ఆగస్టులో బొంబాయి హైకోర్టు చెప్పింది. పాస్‌పోర్టు పౌరులకే ఇస్తారు కాబట్టి ఉన్నవాటిలో అదే బలమైనది. అయినా 1967 నాటి పాస్‌పోర్టుల చట్టం 20వ సెక్షన్ ప్రజాప్రయోజనం కోసం పౌరులు కానివారికి కూడా ఇవ్వడానికి వీలు కల్పిస్తోంది. పౌరసత్వ చట్టంలోనే 14ఎ సెక్షన్ కింద జాతీయ గుర్తింపు కార్డు ఇవ్వవచ్చని 2003 సవరణ చేర్చింది గానీ అలాంటి కార్డు ప్రజల చేతికి రాలేదు. పుట్టుకతో పౌరులైన కోట్లాది మందికి ‘వీరు పౌరులు’ అని చెప్పే పత్రాన్ని రాజ్యం ఇవ్వలేదు. తాను ఇవ్వని పత్రాన్ని తెమ్మని అడిగే హక్కు రాజ్యానికి ఎంతవరకు ఉందన్నదే ఈ వివాదం మొత్తంలో అసలు ప్రశ్న.

2025 జూన్ 24న ఎన్నికల సంఘం బిహార్‌లో ఓటర్ల జాబితా ప్రత్యేక సవరణకు ఆదేశించినప్పుడు ఈ ప్రశ్న నేరుగా ముందుకొచ్చింది. 2003 జాబితాలో లేనివారు చూపడానికి పదకొండు పత్రాలను పేర్కొన్నారు. వాటిలో జనన ధ్రువీకరణ పత్రం, పాస్‌పోర్టు, పదో తరగతి సర్టిఫికెట్, శాశ్వత నివాస పత్రం, అటవీ హక్కు పత్రం, కుల ధ్రువీకరణ పత్రం, ప్రభుత్వం ఇచ్చిన భూమి లేదా ఇంటి పట్టా, 1987 జులై 1కి ముందు బ్యాంకు, తపాలా, ఎల్‌ఐసీ వంటి సంస్థలు ఇచ్చిన కాగితం వంటివి ఉన్నాయి. ఊళ్లో అందరి దగ్గరా ఉండే ఆధార్, ఓటరు కార్డు, రేషన్ కార్డు లేవు. పదో తరగతి సర్టిఫికెట్‌లో గానీ కుల పత్రంలో గానీ పౌరసత్వం ప్రస్తావన ఉండదని గమనిస్తే, ఆధార్‌ను పౌరసత్వ రుజువు కాదని పక్కనపెట్టి వాటిని అంగీకరించడం వెనుక తర్కం నిలవదు. సుప్రీంకోర్టు సెప్టెంబరు 8న ఆధార్‌ను పన్నెండో పత్రంగా చేర్చమంది, అయితే అది గుర్తింపుకే గానీ పౌరసత్వానికి కాదని కూడా చెప్పింది. సవరణకు ముందు 7.89 కోట్లున్న ఓటర్లు ఆగస్టు ముసాయిదాలో 7.24 కోట్లకు తగ్గి, సెప్టెంబరు 30 నాటి తుది జాబితాలో 7.42 కోట్లుగా తేలారు. చనిపోయినవారు, ఊరు విడిచినవారు, రెండుచోట్ల పేరున్నవారు తొలగినవారిలో ఉన్నారు. జాబితా శుభ్రం కావడం అవసరమే. కానీ ముసాయిదాలో తొలగిన 65 లక్షల పేర్లను కారణాలతో సహా ప్రకటించడానికి సుప్రీంకోర్టు ఆదేశం అవసరమైందంటే, ముందుగా చేయవలసిన పని చేయలేదనే అర్థం. ఆ తరువాత అక్టోబరులో ప్రకటించిన రెండో విడతలో పుదుచ్చేరి కూడా ఉండటంతో, గోదావరి ఒడ్డున యానాంలోని తెలుగు ఓటర్లూ ఈ సవరణ పరిధిలోకి వచ్చారు.

ఈ విషయంలో మార్గదర్శకంగా తీసుకోదగిన తీర్పు 1995లోనే వచ్చింది. లాల్ బాబు హుస్సేన్ కేసులో సుప్రీంకోర్టు, ఇదివరకే ఓటర్ల జాబితాలో ఉన్న మనిషి విషయంలో అప్పట్లో తగిన విచారణ చేసే పేరు చేర్చారని భావించాలనీ, తొలగించాలంటే నోటీసు ఇచ్చి, అనుమానానికి ఆధారం చెప్పి, ఆ మనిషి తెచ్చిన ఏ పత్రాన్నయినా పరిశీలించాలనీ చెప్పింది. రాజ్యాంగం 326వ అధికరణం ప్రకారం ఓటు పౌరులకే. అంటే 1989లోనో 1999లోనో జాబితాలో పేరు రాసిన అధికారి ఆ మనిషిని పౌరుడిగా లెక్కగట్టే రాశాడు. ఆ మనిషి అయిదారు ఎన్నికల్లో ఓటేశాక, మొదటి నుంచీ మళ్లీ రుజువు చేసుకొమ్మని అడగడానికి బలమైన కారణం ఉండాలి.

భారం మనిషి మీదే వేస్తే ఏమవుతుందో అస్సాం చూపింది. అక్కడ జాతీయ పౌర పట్టిక (ఎన్‌ఆర్‌సీ)లో పేరు చేరాలంటే 1971 మార్చి 24 అర్ధరాత్రికి ముందు నాటి పత్రం ఒకటి, ఆ పత్రంలోని పూర్వీకుడితో తనకున్న బంధుత్వాన్ని చూపే పత్రం ఒకటి తెమ్మన్నారు. 2019 ఆగస్టు 31న వెలువడిన జాబితాలో 3,11,21,004 మంది చేరగా 19,06,657 మంది మిగిలిపోయారు. ఈ లెక్కల్లో కనపడని సంగతి ఒకటి ఉంది. బంధుత్వ పత్రం దగ్గర అందరికన్నా ఎక్కువ తడబడినవారు పెళ్లై వేరే ఊరికి వెళ్లిన ఆడవాళ్లు. బడికి వెళ్లని, పద్దెనిమిది నిండకముందే పెళ్లైన స్త్రీ పేరు తండ్రి ఇంటి ఓటర్ల జాబితాలో ఎన్నడూ ఉండదు, అత్తగారి ఊళ్లో ఆమె పేరు భర్త పేరుతోనే ఎక్కుతుంది. తండ్రికీ ఆమెకూ మధ్య ఉన్న ఏకైక కాగితం చాలాసార్లు గ్రామ పంచాయతీ కార్యదర్శి ఇచ్చిన ధ్రువీకరణే. గౌహతి హైకోర్టు దాన్ని చెల్లదంటే, 2017 డిసెంబరులో సుప్రీంకోర్టు, విచారించి సరైనదని తేలితే బంధుత్వ పత్రంగా తీసుకోవచ్చని అనుమతించింది. తెలుగు పల్లెల్లో ఈ పరిస్థితి ఎవరికి తెలియదు? ఇంటిపేరు మారి, పేరు వెనుక భర్త పేరు చేరి, ఆధార్‌లో ఒక అక్షరం, రేషన్ కార్డులో మరో అక్షరం పడ్డ ఆడవాళ్లు ప్రతి ఇంట్లో ఉన్నారు. విదేశీయుడు కాదని నిరూపించుకునే బాధ్యత మనిషిదే అన్న 1946 నాటి విదేశీయుల చట్టం నియమాన్ని, దాని స్థానంలో 2025 సెప్టెంబరు 1 నుంచి అమలైన కొత్త చట్టం కూడా కొనసాగించింది. సరిహద్దు దాటి వచ్చినట్టు నిర్దిష్టమైన సమాచారం ఉన్న మనిషి విషయంలో ఆ నియమానికి అర్థం ఉంది. పొట్టకూటి కోసం మహబూబ్‌నగర్ నుంచి ముంబయి వెళ్లిన కూలీని పత్రం లేదన్న ఒక్క కారణంతో దాని కిందికి తేవడానికి అర్థం లేదు.

వీటన్నిటి నుంచి కొన్ని నియమాలు వాటంతట అవే బయటపడతాయి. వయసు విషయంలో పుట్టినప్పుడే ఎక్కిన జనన నమోదుకు మొదటి స్థానం ఇవ్వాలి. అది లేనప్పుడు వివాదానికి ఎన్నో ఏళ్ల ముందు రాసిన బడి ప్రవేశ రిజిస్టరు, టీకా కార్డు, అంగన్‌వాడీ రికార్డు వంటివాటిని, చట్టంలో పేరు ఉన్నా లేకున్నా, కలిపి చూడాలి. విడివిడిగా బలహీనమైన మూడు కాగితాలు ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా ఒకే ఏడాదిని చెబితే, అది ఒక్క గట్టి పత్రం కన్నా తక్కువేమీ కాదు. అడిగే అవసరాన్ని బట్టి కొలత కూడా మారాలి. పింఛను ఇచ్చేటప్పుడు అరవై దాటినట్టు కనిపించే ముసలమ్మను రెండు కాగితాల మధ్య ఏడాది తేడాకు తిప్పి పంపకూడదు, జైలుకు పంపేటప్పుడు మాత్రం ఏడాది తేడాను పట్టించుకుని తీరాలి. పౌరసత్వం విషయంలో 1987కి ముందు పుట్టినవారికి పాత ఓటర్ల జాబితాలో పేరుంటే దాన్ని రుజువుగానే ఎంచి, కాదనే భారం ప్రభుత్వం మోయాలి. ఆ పాత జాబితాలు, జమీన్ రికార్డులు, బడి రిజిస్టర్లు ప్రభుత్వం చేతిలోనే ఉన్నాయి. వాటిని వెదికి తెచ్చే పనిని అక్షరం రాని మనిషి మీద పెట్టడం కన్నా అధికారి వెదకడం సులువు. తరువాతి తరాలకు జనన నమోదు సమయంలోనే తల్లిదండ్రుల పౌరసత్వాన్ని విచారించి రాసే విధానం పెడితే గొలుసు కొంత తెగుతుంది. అయితే నమోదుకు వచ్చే పేద తల్లికి అది కొత్త భయం కాకూడదు, ఆ గడి ఖాళీగా ఉందన్న కారణంతో జననం నమోదు ఆగకూడదు.

ఈ చివరి షరతు అవసరం ఇప్పటికే కనిపిస్తోంది. జనన మరణాల నమోదు చట్టానికి 2023 అక్టోబరు 1 నుంచి అమలైన సవరణ ప్రకారం, ఆ రోజు గానీ ఆ తరువాత గానీ పుట్టినవారికి బడిలో చేరడం, డ్రైవింగ్ లైసెన్సు, ఓటు, పెళ్లి రిజిస్ట్రేషన్, ప్రభుత్వోద్యోగం, పాస్‌పోర్టు, ఆధార్ అన్నింటికీ పుట్టిన తేదీ, చోటు చూపే పత్రం జనన ధ్రువీకరణే. పాస్‌పోర్టు నియమాలను 2025 ఫిబ్రవరిలో దానికి తగ్గట్టు మార్చారు. దీర్ఘకాలంలో ఇది సరైన దిశ. కానీ 2009 నాటి విద్యాహక్కు చట్టం 14వ సెక్షన్, వయసు రుజువు లేదన్న కారణంతో ఏ బిడ్డకూ బడిలో ప్రవేశం నిరాకరించరాదని చెబుతోంది. ఆ అక్టోబరు తరువాత పుట్టిన పిల్లలు మరికొన్నేళ్లలో ఒకటో తరగతి వయసుకు వస్తారు. పాడేరు కొండల్లోనో, భద్రాచలం అడవుల్లోనో ఇంట్లో కాన్పు జరిగి, నమోదు కాకుండా మిగిలిన బిడ్డ ఆ రోజు బడి గడప దగ్గర నిలబడితే, ప్రధానోపాధ్యాయుడి చేతిలో రెండు చట్టాలుంటాయి. ఏది పాటించాలో ఇప్పుడే రాతపూర్వకంగా చెప్పి, బిడ్డను చేర్చుకున్నాక జనన నమోదు చేయించే బాధ్యత బడికీ పంచాయతీ కార్యదర్శికీ అప్పగించడానికి విద్యాశాఖలకు ఇంకా సమయం ఉంది.